మిద్దె మీది ఏరియల్ తీగ

దాదాపు మూడు కిలోల బరువుండే రేడియోను ఈ రోజుల్లో ఎవరైనా డబ్బు పోసి కొంటారా అన్న ప్రశ్న మూడు నెలలుగా నన్ను వదలకుండా ఉంది. టెక్సన్ అనే చైనా కంపెనీ తయారుచేసే, దూరదేశాల స్టేషన్లు పట్టే ఎస్-2000 అనే షార్ట్‌వేవ్ రేడియో అది. మోసుకుపోవడానికి పైన పిడి ఉంటుంది గనుక దాన్ని పోర్టబుల్ అంటారు గాని, దాన్ని చంకన పెట్టుకుని వీధిలో తిరిగే మనిషి ఉంటాడని నేను అనుకోను. ముందు భాగంలో పెద్ద స్పీకరు, దాని పక్కన అరచేతి నిండుగా పట్టుకుని తిప్పగలిగే మీట, నెత్తిన గుండ్రంగా తిరిగే మీడియం వేవ్ ఏరియల్, వెనుక నాలుగు లావుపాటి టార్చి సెల్లులు పట్టే అర. బొమ్మ చూసిన మొదటి రోజే మనసు పడ్డాను. ధర చూశాక, సుంకమూ తెప్పించే ఖర్చూ కలిపితే నా పింఛనులో సగానికి మించి పోతుందని లెక్క తేలాక, వెనకడుగు వేశాను. మరుసటి రోజు మళ్ళీ చూశాను.

ఇలా ఒక రేడియో ముందు నెలల తరబడి తటపటాయించడం మా ఇంట్లో ఇది రెండోసారి. మొదటిసారి తటపటాయించింది మా నాయన. అది 1974వ సంవత్సరం. నాకు పదకొండేళ్లు. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లోనే వచ్చింది గనుక మా ఊళ్లో పాటలకు, పొలం కబుర్లకు, వార్తలకు, దగ్గరి స్టేషన్లు పట్టే చిన్న మీడియం వేవ్ రేడియో చాలు. 900 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు నిలబెడితే, ఏరియల్ లేకపోయినా, స్టేషను గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్లే వినిపించేది. వై.వి. వీధిలో రేడియోలు అమ్మే కొట్టు యజమాని కూడా అదే మాట చెప్పాడు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ పెట్టెలు వరుసగా పేర్చిన గాజు బీరువా ముందు నిలబడి, చిన్న రెండు బ్యాండ్ల సెట్టు తీసుకుంటే మీకూ మేలు, మీ జేబుకూ మేలు అన్నాడు. అమ్మే మనిషి తక్కువ ధర వస్తువు చూపించడం నాకు ఆశ్చర్యం కలిగించింది. మా నాయన మాత్రం పై అరలో ఉన్న నాలుగు బ్యాండ్ల పెద్ద ట్రాన్సిస్టర్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఒక మీడియం వేవ్, మూడు షార్ట్‌వేవ్ బ్యాండ్లు, తోలు సంచి, లాగితే నా ఎత్తుకు వచ్చే ఏరియల్ పుల్ల. దాని ఖరీదు ఆయన రెండు నెలల జీతానికి కాస్త ఎక్కువే.

ఆ రోజు కొనలేదు. ఆ తర్వాత నెలన్నర పాటు మా నాయన ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారి మార్చుకుని ఆ కొట్టు మీదుగానే వచ్చేవాడని చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది. చివరికి ఒక శనివారం సాయంత్రం రిక్షాలో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. వాకిట్లో నులక మంచం మీద కూర్చున్న మా జేజి, అంటే నాయనమ్మ, దాన్ని ఎగాదిగా చూసి, "ఎంత లెక్క పోస్తివిరా దీనికి?" అని అడిగింది. మా వైపు లెక్క అంటే డబ్బు. నాయన నిజమైన ధరలో మూడో వంతు చెప్పాడు. ఆ మూడో వంతు విన్నందుకే జేజి ఆ రాత్రి సంగటి ముట్టలేదు.

రేడియో కొనడంతో ఖర్చు తీరేది కాదు. పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు తీసుకోవాలి. ఏటా పదిహేను రూపాయలు కట్టి, ఆ పుస్తకంలో స్టాంపు అతికించుకుని రావాలి. 1980ల నడుమ ఆ లైసెన్సు రద్దయ్యే వరకు ఆ పని నాదే. ఇక సెల్లులు. కరెంటుతోనూ నడిచేదే గాని, వేసవిలో కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియని ఊరు మాది. పైగా ఆరుబయట వినాలంటే సెల్లులే దిక్కు. అవి నీరసించగానే పారేయకుండా మిద్దె మీద కడప బండల మీద వరుసగా ఎండబెట్టేవాళ్లం. మధ్యాహ్నపు ఎండలో కాలిన సెల్లులు రాత్రికి మరో గంట పాడేవి. దానికి శాస్త్రం ఏమిటో అప్పుడు తెలియదు. పని జరిగేది గనుక అడగనూ లేదు.

అన్నిటికన్నా పెద్ద హంగామా ఏరియల్‌ది. పుల్ల లాగితే చాలని కంపెనీవాళ్లు పుస్తకంలో రాసినా, నాయన దాన్ని నమ్మలేదు. మిద్దె పిట్టగోడకు ఈ చివరన ఒక ఇనుప కొక్కెం, ఆ చివరన వెదురు బొంగు, రెంటి నడుమ పది పన్నెండు మీటర్ల రాగి తీగ, తీగ రెండు కొసల్లోనూ కరెంటు స్తంభాల మీద ఉండేలాంటి చిన్న పింగాణీ గుండ్లు. అక్కడి నుంచి మరో తీగ కిటికీ గుండా లోపలికి. ఉరుములు వినపడగానే ఆ తీగను రేడియో నుంచి పీకి కిటికీ బయటికి విసిరేయడం కూడా నా పనుల్లో ఒకటి. జ్యేష్ఠ మాసంలో పాలకొండల మీద మబ్బు కమ్మితే బడి నుంచి నేను పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేది వానలో తడుస్తానని కాదు.

ఆ తీగ కట్టిన రాత్రి సిలోన్ వచ్చిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. 1972లో ఆ దేశం పేరు శ్రీలంకగా మారింది, సంస్థ పేరూ మారింది, మా వీధిలో మాత్రం ఎవరికీ ఆ సంగతి పట్టలేదు, అది సిలోనే. కొలంబోకూ మాకూ నడుమ ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. షార్ట్‌వేవ్ అల నేల వెంట పాకి రాదు. ఆకాశంలో వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే ఐనోస్ఫియర్ అనే విద్యుత్ పొరకు తగిలి, గోడకు కొట్టిన బంతిలా వంగి కిందికి దిగుతుంది. అలా ఒక్క గెంతులో దిగడానికి ఆ దూరం సరిగ్గా సరిపోతుంది. అందుకే ఇరవై అయిదు, ముప్ఫై ఒకటి మీటర్ల బ్యాండ్ల మీద (ఇక్కడ మీటర్లంటే అల పొడవు) సిలోన్ మాకు మద్రాసు కన్నా దగ్గరి ఊరు. తెలుగు పాటలు వేసే కాసేపూ మీనాక్షీ పొన్నుదురై గొంతు కోసం మా అమ్మ పొయ్యి మీది ఎసరు దించి వచ్చేది. బుధవారం రాత్రి అమీన్ సయానీ నడిపే హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా కోసం ఎదురింటి సాహెబు మామ ముందుగానే వచ్చి, నాయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, మా నాయనకు ఉర్దూ రాదు. బీబీసీ హిందీ వార్తలను ఆయన మాకు తెలుగులో చెప్పేవాడు, బీబీసీ ఇంగ్లీషు వార్తలను నాయన ఆయనకు చెప్పేవాడు. ఇద్దరూ తమ సొంత అభిప్రాయాలు ఎంత కలిపేవాళ్లో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

పెద్ద రేడియో కొనడం తప్పు కాదని జేజి సైతం ఒప్పుకున్న రోజు ఒకటి ఉంది. 1981 ఫిబ్రవరి 11, బుధవారం. మెల్‌బోర్న్ టెస్టు అయిదో రోజు. ముందు రోజు గవాస్కర్ అంపైరు తీర్పుకు కోపం వచ్చి, అవతలి కొసన ఉన్న చేతన్ చౌహాన్‌ను కూడా వెంటబెట్టుకుని మైదానం దాటబోయిన గొడవంతా విని, పడుకోబోయే ముందు మా నాయన అయిదున్నరకు లేపమని అమ్మకు మరీ మరీ చెప్పాడు. ఆస్ట్రేలియా గెలవడానికి కావలసినవి మొత్తం 143 పరుగులే. కపిల్ దేవ్‌కు తొడ కండరం పట్టేసిందని, బంతి వేస్తాడో లేదోనని అనుమానం. చీకట్లోనే రేడియో ఆస్ట్రేలియా పెట్టాం. స్టేషను దొరికింది గాని అలలు అలలుగా వచ్చేది. ఒక నిమిషం గట్టిగా, మరో నిమిషం దూరాన ఎవరో బావిలో నుంచి మాట్లాడుతున్నట్లుగా. పొద్దు ఎక్కే కొద్దీ ఒక బ్యాండు మీద సన్నగిల్లి, ఇంకో బ్యాండు మీద బలం పుంజుకునేది. పగటి వేళ ఎక్కువ ఫ్రీక్వెన్సీలు, రాత్రి వేళ తక్కువ ఫ్రీక్వెన్సీలు బాగా వస్తాయన్న సూత్రం మా నాయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ మీట తిప్పి తిప్పి ఆయన వేళ్లకే తెలిసిపోయింది. వికెట్టు పడ్డప్పుడల్లా గుంపు అరుపు ముందు వినిపించేది, ఎవరు అవుటయ్యారన్న మాట మాత్రం సరిగ్గా అప్పుడే మునిగిపోయేది. వాకిట్లో పాలు పోయడానికి వచ్చినామె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆస్ట్రేలియా 83 పరుగులకే కుప్పకూలింది, కపిల్ 28 పరుగులిచ్చి అయిదుగురిని పడగొట్టాడు, మనం 59 పరుగుల తేడాతో గెలిచాం. ఎవరు ఎవరి మీద గెలిచారో తెలియని జేజి, నాయన ముఖం చూసి, "పెట్టె మంచిదేలేరా" అన్నది. ఆ రాత్రి గీత్‌మాలాకు వచ్చిన సాహెబు మామ బెల్లం, వేరుశనగ బుడ్డలు పంచాడు.

1984 అక్టోబరు 31న మా వాకిలి మళ్లీ అంత నిండింది. ఇందిరా గాంధీ మరణవార్తను ఆకాశవాణి సాయంత్రం గాని చెప్పలేదు. బీబీసీ అంతకు ఎంతో ముందే చెప్పింది. ఆ సాయంత్రం వరకూ వీధిలోని వాళ్లు వచ్చి, నిజమేనా అని అడగడం, మా నాయన తలూపడం, మళ్లీ ఒకసారి పెట్టమని వాళ్లు కోరడం జరుగుతూనే ఉండింది.

ఆ రేడియో ఇప్పుడు మా దగ్గర లేదు. తొంభైలలో బ్యాండు మార్చే స్విచ్చి పాడై, బాగుచేయడానికి ఇచ్చిన చోటే ఉండిపోయింది. ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి అంటూనే ఆ కొట్టు కాస్తా మూతబడి, ఆ గదిలోకి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. నాయన పోయాక దాని కోసం వెతకడానికి నాకు మనసు రాలేదు.

అయితే దానితో పాటు నేను కూడబెట్టినవి కొన్ని ఒక రేకు పెట్టెలో మిగిలాయి. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో విన్న ప్రతి విదేశీ స్టేషనుకూ ఏ రోజున, ఏ వేళకు, ఎన్ని మీటర్ల మీద, ఎంత స్పష్టంగా విన్నానో ఎయిరోగ్రామ్ అనే విదేశీ ఉత్తరం మీద రాసి పంపేవాణ్ని. బలం, అడ్డు, గరగర, సన్నగిల్లడం, మొత్తం మీద నాణ్యత, ఈ అయిదింటికీ అయిదేసి మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉండేది. రెండు నెలలకు వాళ్ల దగ్గర నుంచి క్యూఎస్ఎల్ కార్డు వచ్చేది: నీవు విన్నది మమ్మల్నే అన్న ధ్రువపత్రం. కడప అన్న చిరునామా చూసి వాళ్లు ఏమనుకునేవారో గాని, మా పోస్టుమేన్ మాత్రం ఆ కార్డు మా ఇంటికి చేరేలోపు వీధిలో నలుగురికి చూపించేవాడు.

కొనాలా వద్దా అన్న తటపటాయింపులో పోయిన నెల ఆ కార్డులన్నీ నేల మీద పరిచాను. ఇప్పుడు రేడియో కొంటే వీటిలో ఎన్ని వినపడతాయి అని చూడాలన్నది ఉద్దేశం. హిల్వర్సమ్ నుంచి వచ్చిన రేడియో నెదర్లాండ్స్ కార్డు: 2012లో ఆగిపోయింది. స్విట్జర్లాండ్ కార్డు: 2004లోనే షార్ట్‌వేవ్ మానేసింది. రేడియో మాస్కో తర్వాత పేరు మార్చుకుని 2014 దాకా ఈడ్చుకొచ్చి షార్ట్‌వేవ్‌కు స్వస్తి చెప్పింది. మా మెల్‌బోర్న్ పొద్దును మోసుకొచ్చిన రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్‌ను మూసేసింది. సాహెబు మామ బీబీసీ హిందీ 2020 జనవరి 31తో ఆగింది. అది వినడానికి ఆయనా లేడు. మిగిలినవి చైనా, జపాన్, వాటికన్, రుమేనియా. ఇంగ్లీషులో బీబీసీ, అదీ పూర్వపు గంటల్లో చిన్న ముక్క. ఇది చూశాక మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడు బెంగళూరులో ఉంటాడు. "అన్నీ ఫోన్లోనే వస్తాయి గదా నాయనా, దానికి మూడు కిలోల పెట్టె ఎందుకు?" అన్నాడు. మా వీధి మలుపు తిరిగితే ఇంటర్నెట్ పోతుందని, ఆకాశం ఎవరికీ నెలనెలా బిల్లు పంపదని చెప్పాను గాని, నా గొంతు నాకే బలహీనంగా వినిపించింది.

ఊరికే కార్డులు చూసి తేల్చడం సరికాదని, నాతో పాటు ఉద్యోగం చేసిన ఒక మిత్రుడి దగ్గర అదే కంపెనీది పీఎల్-330 అనే అరచేతిలో ఇమిడే రేడియో ఉంటే వారం రోజులకు అడిగి తెచ్చుకున్నాను. మొదటి సాయంత్రం నిస్పృహ కలిగింది. ముప్ఫై ఒకటి మీటర్ల మీద ఎక్కడ పెట్టినా గరగర తప్ప ఏమీ లేదు. రేడియోను పట్టుకుని ఇల్లంతా తిరిగితే సంగతి తెలిసింది: హాల్లో ఎల్ఈడీ బల్బు దగ్గర ఒక రకం గరగర, ఫోన్ ఛార్జరు దగ్గర మరో రకం ఈల, ఇన్వర్టరు దగ్గరికి పోతే ఇక చెవులు మూసుకోవలసిందే. ఈ వస్తువుల్లోని కరెంటును క్షణానికి వేల సార్లు తెంచి అతికించే సర్క్యూట్లు ఆ తెంపులన్నింటినీ చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లలా చుట్టూ చిమ్ముతుంటాయి. 1974లో మా ఇంట్లో ఉన్నవి మూడు మామూలు బల్బులు, ఒక ఫ్యాను. అప్పటి గాలి నిశ్శబ్దంగా ఉండేది. ఎంత ఖరీదైన రేడియో అయినా తాను నిలబడిన గదిలోని రొదను దాటి వినలేదు.

నాలుగో రాత్రి వీధి మొత్తానికి కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టరు కూడా నేనే ఆపేశాను. మా ఆవిడ విసనకర్ర అందుకుని నా వైపు చూసిన చూపు సంగతి అలా ఉంచుతాను. మిద్దె ఎక్కి రేడియో పెట్టగానే బ్యాండు నిండా మనుషులు. అడుగడుగునా చైనా వాళ్లు, మధ్యలో బీబీసీ, ఎక్కడో అరబ్బీ ప్రార్థన, తెలియని భాషలో ఎవరిదో పాట, దానికి పాత సిలోన్‌లాగే పైకి తేలి కిందికి మునిగే ఊపు. మీడియం వేవ్ మరీ వింతగా ఉంది. పగలు ఆకాశంలోని కింది పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దు గూకాక ఆ పొర కరిగిపోయి, దూరపు స్టేషన్లు పైపొరకు తగిలి మన దాకా దిగుతాయి. గంటసేపు దిక్కులన్నీ తిప్పి తిప్పి విన్నాను. కరెంటు రాగానే చుట్టుపక్కల మిద్దెలన్నీ వెలిగాయి, రేడియో మూగబోయింది.

ఆ రాత్రి నుంచి నా లెక్క మారింది. పెద్ద రేడియోకు నిజంగా ఉన్న మేలు షార్ట్‌వేవ్‌లో కాదని నాకు తోచింది. నెత్తిన ఉన్న ఏరియల్‌ను తిప్పితే మీడియం వేవ్ రొద వచ్చే దిక్కును తప్పించి, కావలసిన స్టేషనును నిలబెట్టుకోవచ్చు. పెట్టెను పెట్టిన చోటే ఉంచి ఆ పని చేయగలగడం గొప్ప సుఖమే. పెద్ద స్పీకరులో గొంతు గొంతులా ఉంటుంది. చిన్నదానిలో ఎవరు మాట్లాడినా డబ్బాలోంచి మాట్లాడినట్లే. మీట కూడా అంతే: తెలియని స్టేషను కోసం మెల్లగా వెతికే సుఖం పెద్ద మీటతో వచ్చినట్లు వేలి కొనతో తిప్పే చిన్న చక్రంతో రాదు. షార్ట్‌వేవ్ వరకు వస్తే, మిద్దె మీద బారెడు తీగ కట్టి తగిలిస్తే చిన్న రేడియో కూడా దాదాపు అదే పని చేస్తుంది; దానికి బయటి ఏరియల్ తగిలించే రంధ్రం ఉంది, పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ బ్యాటరీతో నడుస్తుంది. ఆ బ్యాటరీ ఇప్పటికీ ఏడు రోడ్ల దగ్గర ఏ చిన్న కొట్టులో అడిగినా దొరుకుతుంది. పెద్దది చెడిపోతే విప్పి చూడగల చెయ్యి ఈ ఊళ్లో నాకు తెలిసి ఒక్కటీ మిగల్లేదు.

ఇంకో సంగతి ఉంది. అది ఏ లెక్కలోకీ రాదు గాని, తూకం మాత్రం అదే తేల్చింది. మా నాయన పెద్ద పెట్టె కొన్నది ఆయన ఒక్కడి చెవి కోసం కాదు. నులక మంచం మీద జేజి, గడప మీద అమ్మ, కుర్చీలో సాహెబు మామ, అరుగు మీద పిల్లలం, వాకిట్లో నిలబడ్డ పాలామె, వీళ్లందరికీ వినపడాలి గనుక ఆయనకు అంత స్పీకరు కావలసి వచ్చింది. ఈ రోజు రాత్రి తొమ్మిదింటికి నేను మిద్దె ఎక్కి షార్ట్‌వేవ్ పెడితే నా పక్కన కూర్చునేవాళ్లు లేరు. పక్కింటివాళ్లకు అది గరగర మాత్రమే. ఒక్కడి కోసమైతే ఇయర్‌ఫోన్ చాలు. ఎస్-2000 బొమ్మను ఫోన్‌లో నుంచి తీసేయలేదు. కొనే ఆలోచన మాత్రం తీసేశాను.

మిత్రుడి రేడియో తిరిగి ఇచ్చేసి, అలాంటిదే ఒకటి తెప్పించుకున్నాను. తర్వాత వై.వి. వీధికి పోయి ఇరవై మీటర్ల రాగి తీగ అడిగితే, వైండింగు కోసమా అని కొట్టు కుర్రవాడు అడిగాడు. ఏరియల్‌కు అన్నాను. కేబుల్ టీవీకా అన్నాడు. అవునన్నాను, ఇంకేం చెప్పను.

పిట్టగోడ మీద నాయన దిగ్గొట్టిన ఇనుప కొక్కెం సున్నపు పొరల కింద ఇంకా అలాగే ఉంది. రాయితో తట్టి తుప్పు రాల్చి, తీగ కొసను పింగాణీ గుండుకు చుట్టి అక్కడే కట్టాను. రెండో కొసను నీళ్ల ట్యాంకు పైపుకు కాకుండా, దూరంగా పాతిన కొత్త బొంగుకు కట్టాను. బట్టల బుట్టతో పైకి వచ్చిన మా ఆవిడ తీగను వేలితో లాగి చూసి, "గట్టిగానే కట్టినారే. దుప్పట్లు కూడా ఆగుతాయా?" అని అడిగింది. పొద్దుగూకే దాకా ఆరేసుకోమని, ఆ తర్వాత తీగ నాదని ఒప్పందం చేసుకున్నాం.